నోయర్‌ని నలుగురితో కలిసి చూడాలి

(ఒక ఫిల్మ్ సొసైటీలో ‘డబుల్ ఇండెమ్నిటీ’ ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లైట్లు వేసినా ఎవరూ లేవకుండా కూర్చున్నారు, చాలా సంతోషం. టీ వస్తోంది, తాగుతూ వినండి.

ఇందాక సినిమా మధ్యలో ఈ హాల్లో ఒకటి జరిగింది. ఫిలిస్ భర్త శవాన్ని రైలు పట్టాల మీద పడేసి, ఇన్సూరెన్స్ ఏజెంట్ నెఫ్, ఫిలిస్ వచ్చి కార్లో కూర్చున్నారు. ఫిలిస్ స్టార్ట్ చేయబోయింది. కాలేదు. మళ్లీ ప్రయత్నించింది. కాలేదు. అప్పటిదాకా హాల్లో కుర్చీల కిర్రు, దగ్గులు వినిపిస్తూనే ఉన్నాయి. అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చివరికి నెఫ్ చెయ్యి చాపి స్టార్ట్ చేసి, ఇంజను అందుకున్నాక అందరం ఊపిరి వదిలాం.

మనం ఎవరి కోసం టెన్షన్ పడ్డాం? ఇన్సూరెన్స్ డబ్బుకి ఆశపడి కట్టుకున్నవాణ్ణి చంపించిన ఆవిడ కోసం. ఆవిడ మాట విని ఆ పని చేసినవాడి కోసం. వాళ్లు దొరికిపోకూడదని ఇంతమందిమి కలిసి కోరుకున్నాం. దర్శకుడు బిల్లీ వైల్డర్‌కి ఈ సన్నివేశం ఎలా తట్టిందో ఆయనే చెప్పుకున్నాడు. షూటింగ్ అయ్యాక ఇంటికి వెళ్దామని తన కారెక్కితే అది స్టార్ట్ కాలేదట. పరుగున వెనక్కి వెళ్లి, సెట్ విప్పేయకుండా ఆపి, ఈ ముక్క తీశాడట. నేరం చేసినవాళ్ల పక్క సీట్లో మనల్ని కూర్చోబెట్టడానికి ఆయనకి కావలసింది మొరాయించిన ఒక కారు, అంతే.

ఇంట్లో ఒక్కరే చూసినా ఆ టెన్షన్ వస్తుంది, కాదనను. కానీ నేరస్థుడి పక్షాన నిలబడింది నేనొక్కడినే కాదు, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కూడా అని తెలియాలంటే హాలు కావాలి. ఆ తర్వాత ఆయనతో మాట్లాడాలి. ఫిల్మ్ నోయర్, అంటే నేరం, నీడలు నిండిన ఇలాంటి పాత నలుపు తెలుపు అమెరికన్ సినిమా, నలుగురూ కలిసి చూసి, చూశాక వాదించుకోవాల్సిన సినిమా అని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ఈ సినిమాలో కథ ఎక్కడ మొదలైంది? చివర్లో. బుల్లెట్ దెబ్బ తిన్న వాల్టర్ నెఫ్ రాత్రివేళ ఆఫీసుకొచ్చి, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని, తన కంపెనీలోనే క్లెయిములు పరిశీలించే బార్టన్ కీస్‌ని ఉద్దేశించి చెప్పడం మొదలుపెడతాడు. డీట్రిక్సన్‌ని చంపింది నేనే, డబ్బు కోసం, ఒక ఆడదాని కోసం చంపాను, డబ్బూ దక్కలేదు, ఆమే దక్కలేదు అంటాడు. సినిమా మొదలై కాసేపైనా కాకముందే ఎవరు చంపారో, ఎందుకు చంపారో, చివరికి ఏమైందో మూడూ తెలిసిపోయాయి. మామూలు క్రైమ్ సినిమాకి ఉండే ఆయువుపట్టుని వైల్డర్ మొదట్లోనే తీసి పక్కన పెట్టేశాడు. ఇక మనకు మిగిలింది ఒక మనిషి ఇచ్చుకుంటున్న వాంగ్మూలం. చాలా నోయర్ సినిమాలు ఇలా వాంగ్మూలాలే. వాంగ్మూలం విన్నవాడు చేయాల్సిన పని ఒకటుంది. ఇందులో ఎంత నమ్మాలి, ఎక్కడ వీడు తనని తాను వెనకేసుకొస్తున్నాడు అని తేల్చుకోవాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఈ కథ పుట్టుక కూడా కోర్టులోనే ఉంది. 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే ఆవిడ, ప్రియుడు జడ్ గ్రేతో కలిసి భర్తను చంపింది. భర్త పేరు మీద ముందే ఇన్సూరెన్స్ చేయించింది. ఆ విచారణ రోజుల్లో న్యూయార్క్‌లో జర్నలిస్టుగా ఉన్న జేమ్స్ ఎం. కెయిన్ దాన్నుంచి ఈ కథ అల్లాడు. 1935లో అది స్టూడియోల దగ్గరికి వెళ్లినప్పుడు, హాలీవుడ్ సొంత సెన్సార్ నడిపిన జోసెఫ్ బ్రీన్ ఇది తెరకు పనికిరాదని రాసి పంపాడు. అంతటితో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. 1943లో పారమౌంట్ స్టూడియో తరఫున వైల్డర్ పట్టుకున్నాడు. ఆయనతో ఎప్పుడూ కలిసి రాసే చార్లెస్ బ్రాకెట్ ఇంత నీచమైన కథ నేను రాయనన్నాడు. అప్పుడు డిటెక్టివ్ నవలలు రాసే రేమండ్ చాండ్లర్‌ని పిలిచారు. ఆయనకి సినిమాకి రాయడం అదే మొదటిసారి. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అయినా ఆ గదిలోంచి వచ్చిన సంభాషణలు మీరు ఇప్పుడే విన్నారు. అన్నట్టు, కీస్ ఆఫీసు గది బయట కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతూ ఒకాయన రెండు మూడు క్షణాలు కనిపిస్తాడు. ఆయనే చాండ్లర్. దశాబ్దాల పాటు ఎవరి కంటా పడలేదు. మళ్లీ మళ్లీ చూసే అభిమానులుంటేనే ఇలాంటివి బయటపడతాయి.

సెన్సార్ గురించి ఇంకాస్త చెప్పాలి. ఆ నియమావళి 1930లో రాశారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. హత్య ఎలా చేశారో వివరంగా చూపకూడదు, అక్రమ సంబంధాన్ని ఆకర్షణీయంగా చూపకూడదు, తప్పు చేసినవాడికి శిక్ష పడాలి. హత్య సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. ఫిలిస్ కారు నడుపుతోంది, భర్త పక్కన ఉన్నాడు, నెఫ్ వెనక దాక్కున్నాడు. చీకటి వీధిలోకి తిప్పి మూడుసార్లు హారన్ కొట్టింది. ఆ తర్వాత కెమెరా ఫిలిస్ ముఖం మీదే ఉండిపోయింది. పక్కన ఏం జరుగుతోందో చప్పుడే చెప్పాలి. ఫిలిస్‌గా వేసిన బార్బరా స్టాన్విక్ కళ్లు రోడ్డు మీంచి కదలవు. ఆ ముఖంలో భయం లేదు, కంగారు లేదు. పెదవుల దగ్గర ఏదో ఉంది. తృప్తి అంటారా? ఊరట అంటారా? నేను ఒక్కోసారి ఒక్కోలా చూశాను. హత్యను నేరుగా చూపించి ఉంటే మనం హత్యను చూసేవాళ్లం. చూపకూడదన్నారు కాబట్టి చంపించిన మనిషిని చూశాం.

నెఫ్ ఫ్లాట్‌లో ఆ రాత్రి సంగతీ అంతే. సోఫాలో ఇద్దరూ దగ్గరగా కూర్చుని ఉండగా సీను కరిగి ఆఫీసులోని డిక్టాఫోన్ దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నెఫ్ సోఫాలో వెనక్కి వాలి సిగరెట్ కాలుస్తున్నాడు, ఫిలిస్ పెదవుల రంగు సరిచేసుకుంటోంది. రెండు పువ్వులు తాకితే ఏం జరిగిందో అర్థం చేసుకుంటూ పెరిగిన ప్రేక్షకులం మనం. మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

వెలుతురు దగ్గరికొద్దాం. నోయర్ అనగానే అందరూ కిటికీ పట్టీల నీడల గురించి మాట్లాడతారు. ఆ నీడలు ఎక్కడ పడ్డాయో చూడండి. నెఫ్ మొదటిసారి ఫిలిస్ ఇంట్లోకి అడుగుపెట్టింది పట్టపగలు, కాలిఫోర్నియా ఎండలో. గది మాత్రం మసకగా, గాలాడనట్టు ఉంది. వెనీషియన్ బ్లైండ్స్ సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది, అందులో దుమ్ము తేలుతోంది. అది నిజం దుమ్ము కాదు. కెమెరామన్ జాన్ సైట్జ్ షాట్‌కి ముందు అల్యూమినియం రేణువులు గాల్లోకి ఊదించాడు. నలుపు తెలుపు ఫిల్ముకి దుమ్ము కనబడాలంటే అది మెరవాలి మరి. ఆ ఒక్క పనితో ఇల్లు తుడిచి ఎన్నాళ్లయిందో, అందులో కాపురం ఎలా ఉందో తెలిసిపోయింది. నెఫ్ కూడా ఆ గదిని చూస్తూ నిన్నటి చుట్ట వాసన ఇంకా పోలేదని అంటాడు. మాట, వెలుతురు ఒకటే చెబుతున్నాయి.

ఇంకొకటి. కీస్ నెఫ్ ఫ్లాట్‌లోంచి బయటికొస్తుంటే ఫిలిస్ తలుపు చాటున దాక్కుంటుంది. ఆ తలుపు వరండాలోకి, బయటి వైపుకి తెరుచుకుంటుంది. ఏ ఫ్లాట్ తలుపైనా అలా తెరుచుకుంటుందా? మన ఇళ్లలోనూ లోపలికే తెరుచుకుంటుంది. వైల్డర్‌కి అది తెలియక కాదు. ఒకే ఫ్రేములో తలుపుకి ఇవతల నెఫ్‌ని ఇష్టపడే మనిషి, అవతల నెఫ్‌ని నాశనం చేస్తున్న మనిషి ఉండాలి, మధ్యలో తలుపు పిడి పట్టుకుని నెఫ్ నిలబడాలి. దానికోసం తలుపుని తిప్పేశాడు. సినిమా చూస్తున్నప్పుడు మీలో ఎంతమందికి ఇది తప్పుగా కనిపించింది? చూశారా, ఇద్దరే చేతులెత్తారు.

ఈ వెలుతురు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతుంటారు. చాలావరకు బెర్లిన్ నుంచి. 1929లో అక్కడ కొందరు కుర్రాళ్లు చేతిలో డబ్బుల్లేకుండా, నటులు కానివాళ్లతో, ఒక ఆదివారం నాటి బెర్లిన్ మీద సినిమా తీశారు. రాసినవాడు బిల్లీ వైల్డర్. తీసినవాళ్లలో రాబర్ట్ సియోడ్మాక్, ఎడ్గర్ ఉల్మర్ ఉన్నారు. సినిమా నిండా ఎండ, చెరువు, సరదా. హిట్లర్ వచ్చాక వైల్డర్ 1933లో బెర్లిన్ వదిలి పారిపోయాడు. తర్వాత ఆ ముగ్గురూ అమెరికాలో తేలారు, ముగ్గురూ నోయర్‌లో పేరు పడ్డ సినిమాలు తీశారు. వైల్డర్ తల్లి నాజీల చేతుల్లో చనిపోయింది. ‘డబుల్ ఇండెమ్నిటీ’ తీస్తున్న రోజుల్లో ఆవిడ గురించి ఆయనకి ఏ కబురూ లేదు. పక్కింటి మనిషి, మర్యాదస్తుడు, టై కట్టుకుని ఆఫీసుకెళ్లేవాడు ఏం చేయగలడో ఆయనకి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

ఇక పేరు సంగతి. వీళ్లెవరూ మేం నోయర్ తీస్తున్నాం అనుకోలేదు. స్టూడియోల్లో వీటిని మెలోడ్రామా అనో, క్రైమ్ సినిమా అనో అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ప్రేక్షకులు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్రాన్స్‌లో అమెరికన్ సినిమాలు ఆడలేదు. యుద్ధం అయిపోయాక 1946 వేసవిలో ఆగిపోయిన సినిమాలన్నీ పారిస్‌లో వరసగా దిగాయి. అందులో ‘డబుల్ ఇండెమ్నిటీ’, ‘ద మాల్టీస్ ఫాల్కన్’, ‘లారా’, ‘మర్డర్, మై స్వీట్’ ఉన్నాయి. ఏళ్ల వ్యవధిలో విడివిడిగా వచ్చినవి వాళ్లు కొన్ని వారాల్లో ఒకదాని వెనక ఒకటి చూశారు. అమెరికాలో కూర్చున్నవాళ్లకి కనిపించని పోలిక వాళ్లకి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ ఆగస్టులో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు రాసిన వ్యాసంతో ‘నోయర్’ అన్న మాట నిలబడిపోయింది, ఫ్రెంచిలో నలుపు అని అర్థం. అంటే ఈ సినిమాలకి పేరే కలిసి చూసి మాట్లాడుకున్నవాళ్ల నుంచి వచ్చింది.

అప్పటి నుంచి ఇది జానరా, శైలా, ఒక కాలమా అన్న వాదన నడుస్తూనే ఉంది. 1972లో విమర్శకుడు పాల్ ష్రేడర్ ఇది జానర్ కాదు, స్వరాన్ని బట్టి, మూడ్‌ని బట్టి గుర్తుపట్టాల్సింది అని రాశాడు. నాకు అది సబబుగానే అనిపిస్తుంది. అయితే మన చర్చల్లో ఫలానాది నోయరా కాదా అన్న ప్రశ్న మీద గంటలు పోగొట్టడం నాకు నచ్చదు. ముద్ర వేశాక సినిమాలోకి చూడటం మానేస్తాం.

బాగుంది, బాలేదు అనే మాటలతో కూడా చర్చ మొదలుపెట్టకండి. ఏం చూశారో చెప్పండి. అగ్గిపుల్లలు చూశారా? కీస్ దగ్గర చుట్టలుంటాయి, అగ్గిపెట్టె మాత్రం ఎప్పుడూ ఉండదు. జేబులు తడుముకుంటుంటే నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి వెలిగిస్తుంటాడు. సినిమా పొడుగునా అదే. చివర్లో గడప దగ్గర కూలబడ్డ నెఫ్ పెట్టుకున్న సిగరెట్‌కి కీస్ వెలిగిస్తాడు. నువ్వు వెతుకుతున్నవాడు నీ బల్లకి అవతలే ఉన్నాడు, అందుకే పట్టుకోలేకపోయావు అని నెఫ్ అంటే, అంతకంటే దగ్గరగా ఉన్నాడు అంటాడు కీస్. నెఫ్‌కి శిక్ష అమలయ్యే గ్యాస్ చాంబర్ సన్నివేశం కూడా వైల్డర్ బోలెడు ఖర్చుపెట్టి తీశాడు, తర్వాత తీసేశాడు. ఆ అగ్గిపుల్ల వెలిగాక ఇంకేం చూపించినా ఎక్కువే. ఈ సినిమాలో నిజమైన ప్రేమకథ నెఫ్, ఫిలిస్‌లది కాదు, నెఫ్, కీస్‌లది అని చాలామంది వాదిస్తారు. వాళ్ల దగ్గర ఈ అగ్గిపుల్లల సాక్ష్యం ఉంది. చర్చ అంటే నాకు ఇలా ఉండాలి. అభిప్రాయం చెప్పినవాళ్లు ఫ్రేము చూపించాలి.

ఫిలిస్ విషయంలో మాత్రం గొడవ తప్పదు, తప్పకూడదు కూడా. చీకటి గదిలో ఆమె నెఫ్‌ని కాల్చింది. అతను పడిపోలేదు. మళ్లీ కాల్చమంటూ దగ్గరికొచ్చాడు. ఆమె కాల్చలేదు. నిన్నే కాదు, ఎవర్నీ నేనెప్పుడూ ప్రేమించలేదు, ఇప్పుడు రెండో గుండు కాల్చలేకపోయేవరకూ అంది. అతను నమ్మలేదు. ఆమె నుంచి తుపాకీ తీసుకుని చంపేశాడు. నా మట్టుకు నేను ఆ మాట నమ్ముతాను. తుపాకీ తన చేతిలోనే ఉంది, ఎదుట మనిషి అప్పటికే దెబ్బతిని ఉన్నాడు, ఇంకొక్క గుండుతో పని అయిపోయేది. అబద్ధం ఆడాల్సిన అవసరం ఆమెకి ఆ క్షణంలో లేదు. ఇంకో సంగతి కూడా మర్చిపోవద్దు. ఫిలిస్ గురించి మనకి తెలిసిందంతా నెఫ్ చెప్పిందే. డీట్రిక్సన్ మొదటి భార్య చావు సంగతి అతనికి ఫిలిస్ సవతి కూతురు లోలా చెబితే, అది మనకు అతని నోటి నుంచి వచ్చింది. ఫిలిస్ వాంగ్మూలం ఎవరూ రికార్డు చేయలేదు. ఇంతకుముందు ఒక చర్చలో ఒక అమ్మాయి లేచి, చంపినవాడి మాట మీద ఆధారపడి చచ్చిపోయినావిడకి తీర్పు ఎలా చెబుతారు అని అడిగింది. ఆ తర్వాత ఈ సినిమా నాకు మునుపటిలా కనిపించలేదు. ఒంటరిగా ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ప్రశ్న తట్టేది కాదు.

వచ్చే నెల మనం చూడబోయే ‘డిటూర్’ ఈ ప్రశ్నని ఇంకా దూరం తీసుకెళ్తుంది. 1945 నాటిది, తీసింది ఇందాక చెప్పిన ఎడ్గర్ ఉల్మర్, ఒక చిన్న బీద స్టూడియోకి. గంటా పది నిమిషాలు కూడా ఉండదు. న్యూయార్క్ వీధి సెట్ వేయడానికి డబ్బుల్లేక పొగమంచు నింపేసి, అందులోంచి వీధి పేర్ల బోర్డులు మాత్రం కనబడేలా చేశాడు. కథ చెప్పేది ఆల్ అనే పియానో వాయించేవాడు. అతని చేతుల్లో ఇద్దరు పోతారు. రెండూ ప్రమాదాలే, నా తప్పేం లేదు, అంతా విధి అంటాడు. వింటూ ఎంతవరకు నమ్ముతారో మీరే చూసుకోండి. అందులో ఒక చోట కొన్ని షాట్లు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, కారు స్టీరింగ్ కుడివైపు కనిపిస్తుంది. అమెరికా ప్రేక్షకుడు ఠక్కున పట్టేస్తాడు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపే కాబట్టి మన కళ్లు దాన్ని సాఫీగా దాటిపోతాయి. కాస్త జాగ్రత్తగా చూడండి.

మనకి ఈ సినిమాలతో బంధుత్వం లేదనుకోవద్దు. 1950ల బొంబాయిలో గురుదత్, దేవానంద్, రాజ్ ఖోస్లా ఈ నీడల్ని తెచ్చి అందులో పాటలు పెట్టారు. 1956లో వచ్చిన ‘సి.ఐ.డి.’లో విలన్ ముఠాలో ఉంటూనే హీరోని తప్పించే కామిని పాత్ర వహీదా రెహమాన్‌ది. హిందీలో ఆమెకి అదే మొదటి సినిమా. గురుదత్ కంట్లో ఆమె పడింది మన హైదరాబాద్‌లో, ‘రోజులు మారాయి’ ఆడుతున్న రోజుల్లో. ఏరువాక పాటకి ఆడిన అమ్మాయి మరుసటి ఏడాదికి బొంబాయి నోయర్‌లో నీడల మధ్య నిలబడింది. ఆ సినిమా కూడా ఒకరోజు ఇక్కడ వేద్దాం, దాని గురించి అప్పుడు తీరిగ్గా మాట్లాడతాను.

కలిసి చూడటం వల్ల సినిమాలు బతికాయి కూడా. ‘ఉమన్ ఆన్ ద రన్’ అని 1950లో ఆన్ షెరిడాన్ నటించిన సినిమా ఉంది. భర్తను వెతుక్కుంటూ సాన్‌ఫ్రాన్సిస్కో అంతా తిరిగే భార్య కథ. అమెరికాలో ఉన్న మంచి ప్రింటు 2008లో యూనివర్సల్ స్టూడియో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఎడ్డీ ముల్లర్ మొదలుపెట్టిన ఫిల్మ్ నోయర్ ఫౌండేషన్ పట్టు వదలకుండా, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న మెటీరియల్ ఆధారంగా దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఇలాంటి పనులకి డబ్బు సాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై మిగతా ఊళ్లకి పాకిన నోయర్ సిటీ ఉత్సవాల నుంచి కూడా వస్తుంది. అంటే, మనలాగే హాల్లో కూర్చున్నవాళ్లు కొన్న టికెట్లు.

ఇంట్లో చూసేవాళ్లకి రెండు ముక్కలు. వీటిలో చాలా సినిమాలకి కాపీరైట్ తీరిపోయింది, ‘డిటూర్’తో సహా ఉచితంగానే దొరుకుతాయి. ఎంతటి అరిగిపోయిన ప్రింటైనా నెట్‌లో పెట్టేస్తుంటారు, నీడలన్నీ బూడిద రంగు ముద్దలా ఉంటాయి. ‘డిటూర్’కి 2018లో బాగుచేసిన కాపీ ఉంది, దాన్నే వెతికి పట్టుకోండి. టీవీ నిండాలని బొమ్మని సాగదీయకండి, ఇవి దాదాపు చతురస్రంగా ఉండే ఫ్రేముకి తీసినవి. రంగులద్దిన కాపీలు ముట్టుకోవద్దు. మాటలు వేగంగా పోతాయి, పాత యాస కూడా. కాబట్టి మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, రెండోసారి తీసేసి వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూడండి. వీలైతే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

సరే, ఇక మైకు మీకు ఇస్తున్నాను. ఫిలిస్‌ని నేను నమ్ముతానని చెప్పగానే వెనక వరసలో ఎవరో అడ్డంగా తల ఊపారు. ముందు వారికి ఇవ్వండి మైకు. ఎందుకు నమ్మలేదో, ఏ షాట్ చూసి నమ్మలేదో చెప్పండి.